డబ్బుల సంగతి మేం చూసుకుంటాం

2002 ఆగస్టులో నన్ను ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో దింపి, తిరుగు బస్సు ఎక్కే ముందు మా నాన్న, "నువ్వు సదువుకోరా, డబ్బుల సంగతి మేం సూసుకుంటాం" అన్నాడు. నరసన్నపేట దగ్గరి పల్లెలో, వంశధార కాలువ కింద 2 ఎకరాల 40 సెంట్ల వరి పొలం తప్ప మరో ఆధారం లేని మనిషి ఆ మాట అన్నాడంటే అందులో ఎంత ప్రేమ ఉందో నాకు ఆనాడే తెలుసు. అయినా నా చదువు మా ఇంటికి ఎంత పడిందని లెక్క వేసుకున్న ప్రతిసారీ, ఫీజుకంటే, హాస్టలు ఖర్చుకంటే ఆ మాటే మాకు ఎక్కువ పడిందని తేలుతోంది. కొడుకు మనసు చదువు మీద నిలవాలని అన్న మాట అది. కానీ ఏ కొడుకు కోసం ఇంట్లో అప్పు పుట్టిందో, ఆ కొడుక్కే అది కనబడకుండా పోయింది.

ఇరవై మూడేళ్ళ తర్వాత, 2025 జూలైలో, అదే మాటను మా బావగారి నోట విన్నాను. మా చెల్లెలి కూతురు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి ఈఏపీసెట్‌లో ఒక మోస్తరు ర్యాంకు తెచ్చుకుంది. ఆమదాలవలసలో చిన్న కిరాణా కొట్టు నడిపే బావగారు, చెల్లెలు, ఆ అమ్మాయి ముగ్గురూ కాలేజీ సంగతి మాట్లాడడానికి విజయనగరంలో మా ఇంటికి వచ్చారు. పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్సులో సీటు ఇస్తానంది. ఫీజు, హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి నాలుగున్నర లక్షలు, నాలుగేళ్ళకు 18 లక్షలు. సీటు చేయి జారిపోకుండా అప్పటికే 25 వేలు అడ్వాన్సు కట్టి వచ్చారు. బ్యాంకు ఎంత ఇస్తుంది, ఇంటి కాగితాలు పెడితే ఎంత వస్తుంది, చెల్లెలి మెడలో ఉన్నదానికి ఎంత వస్తుంది అని బావగారు నాతో మాట్లాడుతూ, మధ్యలో కూతురి వైపు తిరిగి, "నువ్వు లోపలికెళ్ళమ్మా, ఇవన్నీ నీకెందుకు, మేం సూసుకుంటాం" అన్నారు. లేవబోతున్న అమ్మాయిని నేను కూర్చోమన్నాను. బావగారికి అది నచ్చలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చదువు కోసం అప్పు చేయవచ్చా, చేయకూడదా అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. అది కోర్సును బట్టి, కాలేజీని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది. కానీ ఆ లెక్క ఎవరి ముందు వేయాలన్నదానికి మాత్రం జవాబు ఉంది. చదవబోయే పిల్ల ముందే వేయాలి, మొదటి సంతకం పడకముందే వేయాలి, ఆ లెక్కలో ఇంట్లో ప్రతి ఒక్కరూ కనబడాలి. నేను ఇంత పట్టుదలగా ఎందుకు అంటున్నానో చెప్పాలంటే నా సంగతి చెప్పక తప్పదు.

నేను ఇంజనీరింగులో చేరిన నాటికి ఇప్పటిలా ఫీజు రీయింబర్స్‌మెంటు లేదు. అది 2007-08 తర్వాత వచ్చింది. ఎంసెట్‌లో నా ర్యాంకుకు ఫ్రీ సీటు రాలేదు, పేమెంటు సీటు వచ్చింది. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ 2001లో తయారుచేసిన నమూనా విద్యా రుణ పథకం ప్రకారం 4 లక్షల వరకు తాకట్టు అక్కరలేదు. మా నాన్న వెళ్ళిన బ్యాంకులో ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలు తిరిగాక లక్షా 20 వేలు మంజూరయింది. మిగిలినదానికి అమ్మ గాజులు కుదువకు వెళ్ళాయి. అప్పటికీ చాలక నాన్న ఒక ఎరువుల వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 70 వేలు తెచ్చాడు. గాజుల సంగతీ ఆ 70 వేల సంగతీ నాకు తెలియవు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ చేతులకు మట్టిగాజులు చూసి కూడా నేను అడగలేదు. డబ్బుల సంగతి చూసుకుంటామన్నారు కదా అని ఊరుకున్నాను.

రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. 70 వేలకు నెలకు 1,400. అప్పు తీసుకున్నవాడు రాసిచ్చే ప్రోనోటుకు చట్టప్రకారం గడువు మూడేళ్ళు. ఆ లోపల అప్పు తీరకపోతే కోర్టుకు వెళ్ళే హక్కు పోతుంది కనుక, అప్పిచ్చినవాడు గడువు దాటకముందే నోటు తిరగరాయించుకుంటాడు, తిరగరాసేటప్పుడు పేరుకున్న వడ్డీని అసలులో కలుపుతాడు. అలా మూడేళ్ళు బారువడ్డీగా నడిచింది ఒక్క సంతకంతో చక్రవడ్డీ అవుతుంది. 2005లో మా నాన్న రాసిచ్చిన కొత్త నోటు మీద అసలు 1,20,400. నా చదువు పూర్తయ్యేసరికి అది లక్షా 49 వేలు దాటింది. అప్పటికి నాకు ఉద్యోగం లేదు. హైదరాబాదులో అమీర్‌పేటలో నలుగురం ఒక గదిలో ఉంటూ కోర్సులు నేర్చుకుని, 2007 అక్టోబరులో 11 వేల జీతానికి చేరాను. నెలకు మూడు వేలు ఇంటికి పంపేవాణ్ణి. అది బ్యాంకు కిస్తీకే సరిపోయేది.

2008 వేసవిలో రెండో నోటుకు గడువు దగ్గరపడింది. అప్పు రెండు లక్షలకు చేరింది. వ్యాపారి ఈసారి తిరగరాయనన్నాడు. 60 సెంట్లు అమ్మడానికి బేరం కుదిరింది. తాతల నాటి భూమి కనుక కొనేవాళ్ళు పిల్లల సంతకాలు కూడా కావాలన్నారు. 2005 సవరణ తర్వాత హిందూ కుటుంబాల్లో పిత్రార్జితం మీద కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఉంది కాబట్టి, చెల్లెలినీ పిలిపించారు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చుని కాగితాలు చదువుతుంటే, ఆ భూమి ఎందుకు అమ్ముతున్నారో నాకు మొదటిసారి తెలిసింది. చెల్లెలికి అంతకుముందే తెలుసు. 2004లో ఇంటర్ బైపీసీలో మంచి మార్కులతో పాసై, బీఎస్సీ నర్సింగు చదువుతానని ఆమె అడిగినప్పుడు, "వచ్చే ఏడు సూద్దాం" అన్నారట. ఆ వచ్చే ఏడు, నోటు తిరగరాసిన ఏడు. ఆ మరుసటి ఏడు ఆమెకు పెళ్ళి చేశారు. రిజిస్ట్రారు ఆఫీసులో ఏడాది పిల్లను చంకలో పెట్టుకునే, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది. ఆ పిల్లే ఇప్పుడు ఈఏపీసెట్ ర్యాంకు కాగితం పట్టుకుని మా ఇంట్లో కూర్చున్న పిల్ల.

నా చదువు వృథా అయిందని నేను అనను. ఆ డిగ్రీ లేకపోతే నాకు ఈ ఉద్యోగం లేదు, అమ్మానాన్నలకు వయసు మీద పడ్డాక వైద్యం చేయించే శక్తి ఉండేది కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి లక్షల మంది వలస పోయారు, పోతున్నారు. ఇటుకల పనికీ, భవనాల పనికీ వెళ్ళినవాళ్ళకూ, చదువు పట్టుకుని వెళ్ళినవాళ్ళకూ ఉన్న తేడా నేను కళ్ళారా చూశాను. అప్పు చేసైనా చదివించాలన్న మా నాన్న నిర్ణయం తప్పు కాదు. కానీ నాకు ఆ 70 వేల సంగతి 2003లోనే తెలిసి ఉంటే, 4 లక్షల వరకు తాకట్టు లేని బ్యాంకు అప్పు దొరుకుతుందని కాలేజీ లైబ్రరీలో పత్రికలు చదివే నేను తెలుసుకోగలిగి ఉండేవాణ్ణి. 24 శాతం అప్పును బ్యాంకు అప్పులోకి మార్చమని దరఖాస్తు పెట్టించగలిగి ఉండేవాణ్ణి. హాస్టలు మానేసి ఇద్దరు స్నేహితులతో గది తీసుకుని వండుకునేవాణ్ణి. ఇవేవీ పెద్ద త్యాగాలు కావు. ఆ ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకొక్కడికే ఆ కాగితాలు చూపించలేదు.

అందుకే ఆ రోజు మా ఇంట్లో పాత క్యాలెండరు కాగితం వెనుక, మేనకోడలి చేతికే కలం ఇచ్చి లెక్క మొదలుపెట్టించాను. మన వైపు వడ్డీని ఎవరూ శాతాల్లో అనుకోరు, రూపాయల్లో అనుకుంటారు కనుక ముందు దాన్ని ఆ భాషలోకి మార్చాం. బ్యాంకు వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుంటే, అది నూటికి నెలకు 83 పైసలు. రూపాయి వడ్డీ కంటే తక్కువ అనేసరికి బావగారి ముఖం కాస్త తేరుకుంది. అయితే అక్కడే ఆగితే మోసపోతాం. నమూనా పథకం ప్రకారం చదువు సాగినంత కాలం, ఆ తర్వాత మరో ఏడాది కిస్తీ కట్టనక్కరలేదు. ఆ కాలమంతా బారువడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఏటా నాలుగున్నర లక్షల చొప్పున తీసుకుంటే, మొదటి ఏడాది తీసుకున్న డబ్బు మీద ఐదేళ్ళు, రెండో ఏడాది డబ్బు మీద నాలుగేళ్ళు, అలా మొత్తం వడ్డీ 6 లక్షల 30 వేలు అవుతుంది. కిస్తీలు మొదలయ్యే రోజున అప్పు 18 లక్షలు కాదు, 24 లక్షల 30 వేలు. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 32,100. పదిహేనేళ్ళకు సాగదీస్తే 26,100.

ఆ అంకె పక్కన ఏ జీతం రాయాలన్నదగ్గర మాకు వాదన వచ్చింది. బావగారు జేబులోంచి ఆ విశ్వవిద్యాలయం కరపత్రం తీశారు. దాని మీద ఒక విద్యార్థి ఫొటో కింద అర కోటికి దగ్గరగా ఒక ప్యాకేజీ అంకె పెద్ద అక్షరాలతో ఉంది. జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం నుంచి విశాఖ వరకు ఇలాంటి హోర్డింగులు ఎన్నో చూస్తూనే ఉంటాం. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. ఒక విద్యార్థికి వచ్చి ఉండవచ్చు. కానీ పొలం కొనబోయేవాడు ఊరి మొత్తంలో ఒక్క మడిలో ఒక్క ఏడు పండిన దిగుబడిని చూసి ధర కట్టడు. తాను కొనబోయే మడిలో ఏటా ఏమాత్రం పండుతుందో అడుగుతాడు. కాలేజీ విషయంలో ఆ అంకె పేరు మధ్యస్థ జీతం: జీతాలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెడితే సరిగ్గా మధ్యన నిలిచేది. కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులకు దరఖాస్తు చేసుకునే ప్రతి సంస్థా ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, ఎంతమంది పై చదువులకు వెళ్ళారు, మధ్యస్థ జీతం ఎంత అన్న వివరాలు ఇవ్వాలి, అవి అందరికీ అందుబాటులో ఉంటాయి. కరపత్రం పక్కన పెట్టి ఆ కాగితం చదవమని మేనకోడలికి ఫోను ఇచ్చాను. ఉద్యోగం వచ్చినవాళ్ళ సంఖ్యను, చేరినవాళ్ళ సంఖ్యతో పోల్చి చూడమని కూడా చెప్పాను. ఉద్యోగం రానివారు మధ్యస్థ జీతం లెక్కలోకే రారు.

పెద్ద సర్వీసు కంపెనీలు మామూలు ఇంజనీరింగు పట్టభద్రుడికి ఇచ్చే తొలి జీతం పదేళ్ళకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈలోగా ఫీజులూ గది అద్దెలూ ఎక్కడికి చేరాయో అందరికీ తెలుసు. కోతలు పోగా చేతికి 25 వేలు వస్తాయనుకుందాం. బెంగళూరులోనో హైదరాబాదులోనో గది, తిండి, ప్రయాణం కలిపి 15 వేలకు తగ్గదు. మిగిలేది 10 వేలు. మేనకోడలు 32,100 కిందనే 10,000 రాసి, కలం ఆపి నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. ఆ తీసివేత ఎవరూ చేసి చూపించనక్కరలేదు.

అప్పుడు లెక్కను తిరగేసి చూశాం. నెలకు 10 వేలు కిస్తీ కట్టగలిగే పిల్ల, కిస్తీలు మొదలయ్యే నాటికి ఏడున్నర లక్షల అప్పు మోయగలదు. అంటే నాలుగేళ్ళలో తీసుకునేది ఐదున్నర లక్షలు మించకూడదు. దగ్గరలో ఏదైనా కాలేజీకి ఏటా లక్షన్నర చొప్పున 6 లక్షలు తీసుకుంటే, అది 8 లక్షల 10 వేలయి, పదేళ్ళకు నెలకు 10,700 కిస్తీ వస్తుంది. అప్పటికే అంచు దాటినట్టు. ఇంకో సంగతి కూడా కనబడింది. అదే 6 లక్షల మీద వడ్డీని చదువుకునే రోజుల్లోనే నెలనెలా కట్టుకుంటూ పోతే, మొదటి ఏడు నెలకు 1,250తో మొదలై చివరికి 5,000 దాకా వెళుతుంది కానీ, కిస్తీ 7,930కి తగ్గుతుంది, మొత్తం మీద లక్షా 20 వేలకు పైగా మిగులుతుంది. అలా కట్టేవారికి వడ్డీలో ఒక శాతం వరకు తగ్గించే వెసులుబాటు కూడా నమూనా పథకంలో ఉంది. కిరాణా కొట్టు నడిపేవాళ్ళకు నెలకు 1,250 పక్కన పెట్టడం కష్టమే, కానీ 2 రూపాయల వడ్డీకి తెచ్చినదాని కంటే ఎంతో తేలిక.

ఇక ప్రభుత్వం నుంచి రాగలిగినవి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, వృత్తి, సాంకేతిక కోర్సుల్లో చేరినవారికి, పథకం షరతులు కుదిరితే చదువు కాలపు వడ్డీని కేంద్రమే కట్టే పథకం 2009 నుంచి ఉంది. మా 6 లక్షల లెక్కలో ఆ ఒక్క సాయం విలువ 2 లక్షల 10 వేలు. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం వస్తుంది. 8 లక్షల లోపు ఆదాయం ఉంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ తగ్గింపు ఉంది. ఆ జాబితాలో తమ కాలేజీ ఉందో లేదో అడ్వాన్సు కట్టకముందే చూసుకోవాలి. మామూలు పథకంలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు, చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని తాకట్టుగా ఒప్పుకోవు కనుక అది నేరుగా ఇంటి మీదికి వస్తుంది. 18 లక్షల దారిలో వెళితే మా చెల్లెలి ఇల్లు తాకట్టులో ఉండేది. ఆదాయపు పన్నులో విద్యా రుణం వడ్డీకి మినహాయింపు ఉందని ఏజెంట్లు గట్టిగా చెబుతారు. అది పాత పద్ధతిలో పన్ను కట్టేవారికే, మూడున్నర లక్షల జీతగాడికి దానితో పనే పడదు.

వీటన్నిటికంటే మన జిల్లాల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది కాగితం మీదికి రాని అప్పు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంటు అర్హత ఉంటే చదువు ఉచితమని అనుకుంటాం. ఆ డబ్బు విడుదల ఆలస్యమైనప్పుడు కాలేజీ ముందుగా కట్టమంటుంది, లేదంటే హాల్ టికెట్టో సర్టిఫికెట్లో ఆగుతాయి. ప్రభుత్వాలు మారినా బకాయిల మాట మారలేదు. అలాంటి రోజున తండ్రి ఎక్కడికి వెళతాడు? రేపటికల్లా 30 వేలు కావాలంటే బ్యాంకు ఇవ్వదు. రెండు రూపాయల దగ్గరికో, మూడు రూపాయల దగ్గరికో వెళతాడు. ప్రభుత్వం డబ్బు వచ్చినప్పుడు తీర్చేద్దామనుకుంటాడు. వచ్చేనాటికి ఇంకో అవసరం కాచుకుని ఉంటుంది. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఉచితమనుకున్న చదువు కింద ఇలా ఒక నోటు, దాని మీద ఇంకో నోటు పేరుకుని ఉన్న ఇళ్ళు మా ఊళ్ళోనే నాకు నాలుగైదు తెలుసు, వాటిలో ఏ ఇంట్లోనూ పిల్లలకు ఆ సంగతి తెలియదు.

"మేం చూసుకుంటాం" అన్న మాట దేని మీద ఆధారపడి ఉందో కూడా ఆలోచించాలి. ఉద్దానంలో, కవిటి వైపు మా బంధువులు ఒకరు కొబ్బరి, జీడి తోటల మీద నమ్మకంతో ఇద్దరు పిల్లల్ని బయటి ఊళ్ళలో చదివించారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఆ చెట్లను పడగొట్టింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఫీజు మాత్రం ఆరు నెలలకోసారి వస్తుంది. పెద్దవాడు మూడో సంవత్సరంలో ఉన్నాడు. అతనికి తోట పోయిందని తెలుసు, తన చదువుకు ఆ తోటే ఆధారమని తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాడో నేను చెప్పలేను. ఏదో ఒకటి చేసే అవకాశం అతనికి ఉండేది.

ఇక్కడ నాతో విభేదించేవారి మాటలో బలం ఉంది. మా బావగారే ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నారు: "ఇలాగ లెక్కలన్నీ సెప్పి పిల్లని బెదరగొడితే, అది ఆశ సంపుకుని సిన్నదాంతో సరిపెట్టుకుంటాది. డబ్బున్నోళ్ళ పిల్లలకి ఈ లెక్కలెవరూ సెప్పరు కదా." ఇది నన్ను చాలాసేపు నిద్రపోనివ్వలేదు. డబ్బున్న ఇంటి పిల్లలు తమ ఇష్టాన్ని బట్టి ఎంచుకుంటారు, మన పిల్లలు ఇంటి శక్తిని బట్టి ఎంచుకోవాలి, ఇది అన్యాయమే. మహారాజా కళాశాల 1879లో మొదలైన విజయనగరంలో, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇంకా సీట్లు, అధ్యాపకులు పెంచుకోవలసిన జిల్లాల్లో, ఒక మామూలు ఇంటి పిల్ల మంచి చదువు కోసం 18 లక్షల మాట వినవలసి రావడమే తప్పు. ఆ తప్పును సరిదిద్దమని అడగాలి, అడుగుతూనే ఉండాలి. కానీ సరిదిద్దేలోపు కిస్తీ ఆగదు. దాన్ని దాచినంత మాత్రాన పిల్లకు డబ్బున్న ఇంటి స్వేచ్ఛ రాదు. ఆ స్వేచ్ఛ ఉన్నట్టు నాలుగేళ్ళు నమ్మి, ఐదో ఏట ఒక్కసారిగా నిజం తెలుసుకుంటుంది. అప్పటికి ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. నచ్చని ఉద్యోగాన్ని వదలలేదు, పై చదువుకు వెళ్ళలేదు, ఒక ఏడాది ఆగి పోటీ పరీక్షకు చదవలేదు. ఆశ చంపేది లెక్క అని బావగారు అన్నారు. నా అనుభవంలో ఆలస్యంగా తెలిసిన లెక్కే ఆ పని చేసింది.

కొలువుల సంగతి ఎవరూ నాలుగేళ్ళ ముందు చెప్పలేరన్నది ఇంకో కారణం. నేను చేరిన 2002లో ఐటీ పడిపోయిందన్నారు, బయటికి వచ్చిన 2006లో పుంజుకుంది, ఆ వెంటనే 2008 వచ్చింది. 2023, 2024లలో పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవారిని తీసుకోవడం బాగా తగ్గించాయి. 2029లో ఏ బ్రాంచికి గిరాకీ ఉంటుందో ఖాయంగా చెప్పేవాళ్ళను నమ్మవద్దని మేనకోడలికి చెప్పాను. ఖాయమైనది కిస్తీ ఒక్కటే కనుక, దాన్ని మంచి రోజును ఊహించుకుని కాక చెడ్డ రోజును ఊహించుకుని పెట్టుకోవాలి. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరిన పిల్లలు, పదో తరగతి మార్కులతో ఎచ్చెర్ల దగ్గరి ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకున్నవాళ్ళు, విజయనగరం జేఎన్టీయూ-గురజాడలో చదివినవాళ్ళు నాతోపాటు పనిచేశారు, చేస్తున్నారు. రెండో ఉద్యోగం మారేనాటికి ఎవరి కాలేజీ ఏదో ఎవరూ అడగలేదు. మొదటి ఉద్యోగానికి మాత్రం కాలేజీ పేరు పనికివస్తుంది, అది ఒప్పుకోవాలి. ఆ మొదటి మెట్టుకు 12 లక్షలు ఎక్కువ పెట్టవచ్చా అన్నదే ప్రశ్న.

మర్నాడు పొద్దున్న టిఫిన్లు అయ్యాక మేనకోడలు ఆ క్యాలెండరు కాగితం మళ్ళీ తెచ్చింది. రాత్రి తానొక్కతే కూర్చుని దాన్ని శుభ్రంగా తిరగరాసింది. ఒక పక్క కాలేజీలు, ఇంకో పక్క అసలు, చదువు కాలపు వడ్డీ, కిస్తీ, చేతిలో మిగిలేది. ఎలక్ట్రానిక్సులో కన్వీనర్ సీటు వచ్చే అవకాశమున్న, బస్సులో ఇంటినుంచి వెళ్ళివచ్చే దూరంలో ఉన్న ఒక కాలేజీని కూడా వరసలో చేర్చింది. అంతా చూపించి, "మావయ్యా, ఇందులో తమ్ముడు ఏడీ?" అంది.

వాళ్ళ తమ్ముడు పదో తరగతి. నా లెక్కలో వాడు లేడు. ఆమె కాలేజీ నాలుగో ఏడాదికి వచ్చేసరికి వాడు ఇంటర్ దాటి ఏదో ఒక కోర్సులో మొదటి ఏడాదిలో ఉంటాడు. చెల్లెలికి జరిగినదాన్ని తలచుకుని ఇంత పట్టుగా కూర్చున్న నేను, అదే లెక్కను అదే తప్పుతో వేశాను. ఆ మాట వినగానే చెల్లెలు వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను కాగితం మీద ఇంకో గీత గీసి, పైన వాడి పేరు రాశాను. ఆ గీత గీశాక 18 లక్షల దారి ఎవరూ కొట్టేయకుండానే పక్కకు తప్పుకుంది.

మేనకోడలు ఎలక్ట్రానిక్సునే ఎంచుకుంది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉంది. అయినా బ్యాంకు రుణం ముందే మంజూరు చేయించుకుందామని నేను పట్టుబట్టాను, నాలుగేళ్ళకు 2 లక్షల 40 వేల వరకు. ల్యాప్‌టాప్‌కు, పుస్తకాలకు, బస్సుకు, ప్రభుత్వం డబ్బు ఆలస్యమైన రోజుకు. తీసుకున్న డబ్బుకే వడ్డీ పడుతుంది, మంజూరైనా ఇంకా తీసుకోనిదానికి పడదు. రెండు రూపాయల గుమ్మం తొక్కకుండా ఉండడానికే ఇది. చదువు కాలపు వడ్డీని కేంద్రం భరిస్తే పదేళ్ళ కిస్తీ 3,170, భరించకపోతే సుమారు 4,280. ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయానికి ఆమే వెళ్ళింది. అడ్వాన్సు 25 వేలు వెనక్కి ఇమ్మని ఆ విశ్వవిద్యాలయానికి రాయించాను. గడువులోపు సీటు వదులుకున్నవారికి ఫీజు తిరిగి ఇవ్వాలన్న యూజీసీ నియమం గుర్తుచేస్తూ. చెల్లెలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. "దాన్నైనా పెద్ద కాలేజీలో సూద్దామనుకున్నానన్నయ్యా" అంది ఒకసారి ఫోనులో. ఆమె ఎందుకలా అందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. జవాబు చెప్పలేకపోయాను.

ఆగస్టు రెండో వారంలో శ్రీకాకుళంలో బ్యాంకుకు వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. సహ రుణగ్రహీతగా తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం పెట్టాలంటే, చెల్లెలు తానే పెడతానంది. అధికారి కాగితాల కట్ట ముందుకు జరిపి, సంతకాలు ఎక్కడెక్కడో పేజీలు తిప్పుతూ వేలితో చూపించాడు. చెల్లెలు కలం పక్కన పెట్టి, సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కట్టను మళ్ళీ మొదటి పేజీకి తిప్పింది. ఇంగ్లీషు వాక్యాల కింద వేలు పెట్టి మేనకోడలు తెలుగులో చెబుతుంటే వింటూ, కిస్తీ ఏ నెల నుంచి మొదలవుతుందని ఒకచోట ఆగి అడిగింది. అధికారి చెప్పాడు. ఆ నెల పేరు మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుని, తర్వాతి పేజీ తిప్పింది.